వెనక సీట్లో నా పని

చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. నాకు ఆ వీలు కూడా లేకపోయింది. బ్యాంకులో ఉండే చిన్న మిషను మీద నేను ఏ వేలు పెట్టినా అది ఎర్రలైటు వెలిగించి ఊరుకునేది. కౌంటరులోని అమ్మాయి నా చెయ్యి తిప్పి చూసి, "మీ వేళ్లకు గీతలే లేవు కదమ్మా" అంది. ఎలా ఉంటాయి? అన్నేళ్లు కిరసనాయిల్లో, డీజిల్లో బేరింగులు కడిగిన చేతులవి. "సంతకం నేర్చుకోండి, అదొక్కటే దారి" అంది. అందువల్ల అరవై దాటిన తర్వాత, పుంగనూరులో మా చర్చి వెనక గదిలో రిటైరైన ఒక టీచరమ్మ సాయంత్రాలు చెప్పే బడికి వెళ్లాను. సంతకం తొందరగానే వచ్చేసింది. అంతటితో మానేస్తే టీచరమ్మ ఏమనుకుంటుందోనని మిగతా అక్షరాలు కూడా నేర్చుకున్నాను. ఇది ఇంతకాలం రాయకపోవడానికి వేరే కారణం లేదు.

కొత్తగా చదవడం వచ్చినవాళ్లు కనపడిందల్లా చదువుతారు. నేను మొదట చదివినవాటిలో మా షెడ్డు గోడ మీది అక్షరాలు ఒకటి. పనిచేసినన్నాళ్లూ మధ్యాహ్నం ఆ గోడకు ఆనుకునే అన్నం తిన్నాను. "ఇచ్చట కూర్చోరాదు" అని ఉంది. ఎవరూ నాకు చెప్పలేదు.

కార్లు బాగుచేసే ఆ షెడ్డు పుంగనూరు నుంచి మదనపల్లె వెళ్లే రోడ్డు మీద, టీ అంగడికి ఎదురుగా ఉండేది. మా ఆయన అక్కడ వెల్డింగు చేసేవాడు. ఆయన పోయాక ఓనరు నన్ను పనిలోకి రమ్మన్నాడు. విప్పిన సామాన్లు కడగడం, తుడవడం, గ్రీజు పెట్టడం నా పని. విప్పడం, బిగించడం మేస్త్రి పని. మేము ఏం చేస్తున్నామో చూస్తూ తిట్టడం ఓనరు పని. ముగ్గురం మా పనులు బాగానే చేసేవాళ్లం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం బేరింగు గురించి కొంచెం చెప్పాలి. చక్రం సులువుగా తిరగడానికి లోపల రెండు ఉక్కు చుట్ల మధ్య గుండ్లు ఉంటాయి. దాన్నే బేరింగు అంటాం. అది అరిగితే బండి మూలుగుతుంది. దూరంగా ఎక్కడో పిండిమర తిరుగుతున్నట్టు ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ మర దగ్గరికొస్తుంది. మూలిగే చక్రం ఏదో తెలుసుకోవడమే కష్టం, ఎందుకంటే మోత బండి అడుగున పాకి ఎక్కడెక్కడో తేలుతుంది. అందుకని బండిని రోడ్డు మీద అటూ ఇటూ తిప్పుతూ నడపాలి. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే చెడింది కుడివైపు. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపు. ఇదంతా చెవితో చేసే పని.

మా మేస్త్రికి చెవులు వినపడేవి కావు.

మొదట బాగానే వినపడేవట. సుత్తెల మోతలో, ఇంజన్ల మోతలో పోయాయి. ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి కొంతకొంత అర్థం చేసుకునేవాడు. నాకు తెలిసింది ఒక టెస్టు డ్రైవులో. వెనక తలుపు సరిగా పడటం లేదని, దాన్ని పట్టుకోవడానికి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టారు. ముందు సీట్లో బండి ఆయన. బండి పిండిమర మాదిరి మోగుతోంది. మేస్త్రి ఆయనవైపు తిరిగి, "మోత ఎప్పుడొస్తాది సార్?" అని అడిగాడు.

"ఇప్పుడు వస్తానే ఉండాది గదప్పా" అన్నాడు ఆయన.

మేస్త్రి అద్దంలోకి చూశాడు. అద్దంలో నేను కనిపించాను. ఆ చూపు చూశాక ఏదో ఒకటి చెయ్యాలనిపించి, సీటు వెనక నుంచి ఆయన కుడి భుజం మీద తట్టాను. "కుడి ముందరిది పోయుండాది సార్" అన్నాడు మేస్త్రి. విప్పి చూస్తే అదే. ఆ సంగతి గురించి మేమిద్దరం తర్వాత ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడాలంటే అరవాలి.

అప్పటినుంచి అదే మా పద్ధతి. ముందు చక్రాలకు భుజాలు. కుడిదైతే కుడి, ఎడమదైతే ఎడమ. వెనక చక్రాలకు ఇంక భుజాలు మిగల్లేదు కాబట్టి సీటు పక్క సందులోంచి చెయ్యి పెట్టి నడుము మీద తట్టేదాన్ని. నేనెందుకు ఎక్కుతున్నానని అడిగినవాళ్లకు, "ఎనక బరువుంటేనే మోత తెలుస్తాది" అని మేస్త్రి చెప్పేవాడు. అప్పట్లో నేను బాగా సన్నగా ఉండేదాన్ని. అయినా అందరూ నమ్మారు.

ఓనరుకు చెప్పకపోవడానికి కారణం ఉంది. అంతకుముందు చూపు తగ్గిన పెయింటరును ఆయన పంపించేశాడు. మేస్త్రి వయసులో ఇంకో షెడ్డులో పని ఎవరూ ఇవ్వరు.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు ఒక బండికి వెనక ఎడమ చక్రం మూలిగింది. సరిగ్గా టీ అంగడి ముందున్న స్పీడు బ్రేకరు దగ్గర బండి నెమ్మదించినప్పుడు నేను మేస్త్రి నడుము మీద తట్టాను. టీ అంగడి ఆయన గాజు గ్లాసులు కడుగుతూ తలెత్తి చూశాడు. ఆయన చూసింది నిజమే. చెప్పింది కూడా నిజమే. అర్థం మాత్రం విన్నవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకున్నారు.

మాట షెడ్డు నుంచి మా వీధికి వచ్చింది. వీధి నుంచి పెద్దపంజాణిలో మా పిన్నమ్మకు చేరింది. ఆమె కుప్పంలో మా పెద్దన్నకు ఫోను చేసింది. మా అన్న అక్కడ సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఆయన్నే అడిగారట. మరుసటి పొద్దునే బస్సెక్కి మా ఇంటికి వచ్చేశాడు. చెప్పులు విడవకముందే అడిగాడు.

"ఏమ్మే, ఆ మేస్త్రి నడుం మీద సెయ్యేసినావంటనే?"

"ఏసినాను."

మా అన్న ఈ జవాబుకు సిద్ధపడి రాలేదు. మంచం మీద కూర్చున్నాడు.

"యాల ఏసినావు?"

"పని."

"ఏం పనిమే అది?"

నేను చెప్పలేదు. చెబితే మా అన్న నేరుగా ఓనరు దగ్గరికే పోయి చెబుతాడు. అబద్ధం ఆయనకు చేతకాదు. చెప్పకపోతే నా పేరు పోతుంది. చెబితే మేస్త్రి బతుకు పోతుంది. ఈ రెండింటి మధ్య నేను ఉప్మా చేసి పెట్టాను. ఆయన తిన్నాడు.

"రేపు మద్యానం బస్సుకు కుప్పం పోదాం. సామాను సర్దుకో" అన్నాడు. "ఈ ఊర్లో నీకు పనీ వద్దు, మాటలూ వద్దు."

కుప్పంలో మా వదిన మంచిదే. ఆమె వంటింట్లో మాత్రం ఇద్దరికి చోటు లేదు. నాకు చేతనైంది బేరింగులు కడగడం. అది వంటింట్లో చేసే పని కాదు. అయినా సర్దుకోవడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం మా అన్న ప్రార్థనకు చర్చికి వెళ్లినప్పుడు మేస్త్రి భార్య వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. తిట్టడానికే వచ్చిందనుకున్నాను.

"కూసోమే" అంది. "నువ్వు తడతాండావని నాకు మొదట్నుంచీ తెలుసు. ఎవరో ఒకరు తట్టకుంటే ఆయప్ప పనెట్ల చేస్తాడు? కాకుంటే ఇంగొంచెం గట్టిగా తట్టు. ఇంట్లో నేను తట్టినా పలకడు."

"చెప్పేస్తే పనిలోంచి తీసేస్తారక్కా."

"తీసేస్తారేమో. నాకూ బయంగానే ఉండాది." కొంచెంసేపు నా మూట వైపు చూసింది. "నువ్వు నోరు మూసుకోని కుప్పం పోతే మాత్రం, వాళ్లు అనుకొనేది నిజమైపోతాది. అది నీ మీదే కాదు, నా మొగుడి మీదా నా మీదా పడతాది. ఆయప్పకు ఈ మాటలేవీ ఇనపడల్లేదు. హాయిగా ఉండాడు. ఆయప్పకు నేను సెప్తా."

"ఎట్ల సెప్తావక్కా?"

"అరిసి."

అన్నట్టే చెప్పింది. ఆయనకు వినపడేలోగా వాళ్ల వీధికంతా వినపడిందట.

మరుసటి రోజు నేను షెడ్డుకు వెళ్లింది నా అన్నం గిన్నె, పాత చీర ముక్కలు తెచ్చుకోవడానికి. మా అన్న మూటతో సహా నా వెంటే వచ్చి పాత టైర్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం బస్సుకు ఇంకా సమయం ఉంది.

అప్పుడే మదనపల్లె నుంచి ఒక కారు వచ్చింది. టమాటా మండీ నడిపే ఆయనది. బండి మోగుతోందని అక్కడ ఒక షెడ్డులో ముందు ఎడమ బేరింగు మార్పించాడట. మోత అలాగే ఉంది. ఈసారి బేరింగు తనే కొని డబ్బాతో సహా తెచ్చుకున్నాడు. ఓనరు మేస్త్రిని పక్కకు పిలిచి, ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి చెప్పాడు. "ఈ బండి సరిగ్గా చేస్తే మండీ బండ్లన్నీ మన కాడికే వస్తాయి. ఇది గానా తిరిగొస్తే, ఇంగ నువ్వు రావద్దు." తర్వాత నావైపు చూసి, "ఆయమ్మ కారెక్కద్దు. ఊర్లో మాటలు సాలు" అన్నాడు.

మేస్త్రి మండీ ఆయనతో ఒక్కడే వెళ్లాడు. నేను గేటు దగ్గర నిలబడి విన్నాను. బండి ఒకసారి అటు పోయింది, ఒకసారి ఇటు వచ్చింది. రోడ్డు పక్క నిలబడి వింటే నాలుగు చక్రాలదీ ఒకటే మోత. నాకేమీ తెలియలేదు.

తిరిగొచ్చాక మేస్త్రి ముందు ఎడమ చక్రం కింద జాకీ పెట్టాడు.

"అది మార్సేసినారప్పా మదనపల్లెలో" అన్నాడు మండీ ఆయన, వెనక నుంచి.

మేస్త్రి జాకీ ఎత్తుతూనే ఉన్నాడు. చక్రం లేచాక ఒక చేత్తో దాన్ని తిప్పి, ఇంకో చెయ్యి పైనున్న స్ప్రింగు మీద ఆనించాడు. బాగా చెడిన బేరింగైతే గరగరమని వేళ్లకు తెలుస్తుంది. కొంచెం చెడిందైతే తెలియదు. తర్వాత కుడివైపుకు వెళ్లి అదే చేశాడు. మళ్లీ ఎడమకు వచ్చాడు. ఆయన వేళ్లు కూడా నా వేళ్ల లాంటివే.

చివరికి ఆయన జాకీ దించేశాడు. చేతులు తుడుచుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మా అన్న టైర్ల మీద నుంచి లేచాడు.

"రామ్మా, కారెక్కు" అన్నాడు మేస్త్రి.

"ఎక్కద్దని సెప్పినాను గదప్పా!" అన్నాడు ఓనరు, ఆయన వెనక నుంచి. మేస్త్రి కదల్లేదు. ఓనరు ఇంకో మాట కూడా అన్నాడు. అది నాకు ఇప్పుడు రాయడం వచ్చు గానీ రాయను. మేస్త్రి నా ముఖం చూసి, వెనక ఎవరో మాట్లాడుతున్నారని గ్రహించి తిరిగాడు.

"మీరేమన్నారో నాకు ఇనపడలేదు సార్" అన్నాడు. "ఇనపడదు. శానా దినాలాయె. మోత యాడుండాదో ఈయమ్మ ఇని, నన్ను తట్టి సెప్తాది. ముందర సెక్రాలకు బుజం, ఎనక సెక్రాలకు నడుం. ఈడ జరిగింది అంతే. పంపించేదుంటే నన్ను పంపించండి. ఈయమ్మ మీద మాట పడేదానికి లేదు."

చెవులు వినపడనివాళ్లు రహస్యం కూడా గట్టిగానే చెబుతారు. ఎదురుగా టీ అంగడి దాకా వినపడింది.

ఓనరు దగ్గరికొచ్చి, ఒక్కో మాటా నోరు తెరిచి చెప్పాడు.

"నువ్వు సెవిటోడివని నాకు తెలీదా? నీ ఎనకాల నిలబడి నేను తిట్టని తిట్టు లేదు. ఒకనాడన్నా తిరిగి సూసినావా?"

మేస్త్రి దీని గురించి ఆలోచించాడు.

"ఏమేం తిట్టినారు?"

"ఇప్పుడెందుకులే."

"మరి తెలిసి గూడా యాల ఉంచినారు?"

"నువ్వు చేసిన బండ్లు తిరిగి రాలేదు గదప్పా. ఇనపడకుండా ఎట్ల చేస్తాండావో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని కదిలించేది ఎందుకని ఊరకుండిపోయినా." నావైపు తిరిగాడు. "నాకు తెలీనిది నువ్వెందుకు ఎక్కుతాండావనే. బరువు కోసరమంటే నమ్మినాను."

"అదంతా సరే, నా బండి సంగతేంది?" అన్నాడు మండీ ఆయన.

అందరం కారెక్కాం. మేస్త్రి, పక్కన మండీ ఆయన. వెనక నేను మధ్యలో, ఒకవైపు ఓనరు, ఇంకోవైపు మా అన్న. మా అన్నను ఎవరూ పిలవలేదు. ఆయనే ఎక్కి తలుపు వేసుకున్నాడు. బండి మదనపల్లె రోడ్డు మీద వేగం అందుకోగానే కళ్లు మూసుకుని పైకే ప్రార్థన మొదలుపెట్టాడు.

"కొంచెంసేపు ఆపన్నా, సెక్రం ఇనపడల్లేదు" అన్నాను.

ఆపాడు. సంఘ పెద్ద అయ్యాక ఆయన్ని ప్రార్థన మధ్యలో ఆపినవాళ్లు లేరనుకుంటాను.

మేస్త్రి బండిని కుడికి వంచాడు. మోత తగ్గింది. ఎడమకు వంచాడు. పిండిమర మా అందరి మధ్యకు వచ్చి కూర్చుంది. చెప్పడానికి నాకు నోరుంది, దాచడానికి ఇంకేమీ లేదు. అయినా అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు పోయి మేస్త్రి కుడి భుజం మీద తట్టింది. మా అన్న ఆ చేతిని చూశాడు. ఓనరు చూశాడు. మండీ ఆయన కూడా తిరిగి చూశాడు.

"కుడి ముందరిది" అన్నాడు మేస్త్రి రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

షెడ్డులో చక్రం ఊడదీశాక బేరింగు ఎంచుకోవడం వచ్చింది. మండీ ఆయన తెచ్చిన డబ్బా ఒకటి, మేము సామాన్ల అంగడి నుంచి తెప్పించింది ఒకటి. డబ్బాల మీద నంబరు ఒకటే. మేస్త్రి ఎప్పటిలాగే రెండూ నా చేతిలో పెట్టాడు. మండీ ఆయనది వేలితో తిప్పితే బొంగరం మాదిరి గిర్రున తిరిగింది. "సూడండి, ఎంత ఫ్రీగా ఉండాదో" అన్నాడాయన సంతోషంగా. రెండోది బద్ధకంగా, చలికాలంలో గడ్డకట్టిన నెయ్యిలో తిరిగినట్టు తిరిగింది, చప్పుడు లేకుండా. పిల్లలూ, కొత్త బేరింగు కొనేటప్పుడు బద్ధకంగా ఉన్నదాన్నే తీసుకోండి. లోపల గ్రీజు నిండుగా ఉంటే, గుండ్లు సరిగా కూర్చుంటే, అది అలాగే ఉంటుంది. బొంగరాన్ని పక్కన పెట్టాం. మండీ ఆయన దాన్ని జేబులో వేసుకుని చివరిదాకా తిప్పుకుంటూనే ఉన్నాడు.

ప్రెస్సు మీద పాతది నొక్కి తీశాం. కొత్తది ఎక్కించేటప్పుడు మేస్త్రి బయటి చుట్టు మీద ఆనించి నొక్కాడు. లోపలి చుట్టు మీద నొక్కితే గుండ్లు నొక్కుకుని గాట్లు పడతాయి, కొత్త బేరింగే మూలగడం మొదలుపెడుతుంది. ప్రెస్సు దగ్గర తొందరపడేవాళ్లు అదే బండిని రెండుసార్లు విప్పుతారు. మా మేస్త్రికి తొందర లేదు. మా అన్న బస్సు వెళ్లిపోయిన హారను మాకందరికీ వినపడింది. మేస్త్రికి తప్ప.

మళ్లీ అందరం ఎక్కి వెళ్లాం. మోత లేదు. మా అన్న చెవి అద్దానికి ఆనించి విన్నాడు.

"నాకేమీ ఇనపడలేదే" అన్నాడు.

"మా పని అదేన్నా" అన్నాను.

మేస్త్రి మాత్రం ఏ తేడా లేకుండా నడిపాడు. ఆయనకు ఏ బండైనా అలాగే ఉండేది.

తిరిగి షెడ్డుకు వచ్చాక మా అన్న నా మూట తనే మోసుకుని ఇంటికి తెచ్చాడు. టీ అంగడి దాటాక, "ఇంగనుంచి నోటితో సెప్పుమే" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. కుప్పంలో ఆయన్ని ఎవరైనా అడిగితే ఏం చెప్పాడో నాకు తెలియదు. అబద్ధం మాత్రం చెప్పి ఉండడు.

ఇప్పుడు చక్రానికి ఒక మైకు తగిలించి, ఏది మూలుగుతోందో ఫోనులో చూస్తున్నారట. మంచిదే. మైకు ఎక్కడ తగిలించినా ఎవరూ మాటలు పుట్టించరు.

మరుసటి రోజు పొద్దున మా అన్నను కుప్పం బస్సు ఎక్కించి నేరుగా షెడ్డుకు వెళ్లాను. ఒక టీచరు కారు వచ్చి ఉంది. టీచరు తాళాలిచ్చి బడికి వెళ్లిపోయాడు. మేస్త్రి స్టీరింగు ముందు కూర్చుని అద్దంలో నాకోసం చూస్తున్నాడు. నేను అలవాటుగా వెనక తలుపు దాకా పోయి, ఆగి, ముందు తలుపు తీసి ఆయన పక్కన కూర్చున్నాను. ఊరి బయట దాకా పోయి వెనక్కి వస్తున్నప్పుడు మూలిగే చక్రం ఏదో తెలిసింది. అయినా వెంటనే చెప్పలేదు. టీ అంగడి ముందు స్పీడు బ్రేకరు దగ్గర బండి నెమ్మదించేదాకా ఆగి, నావైపు తలుపు అద్దం పూర్తిగా దించి, "ఎనక ఎడమదీ!" అని అరిచాను.

"ఏమీ?" అన్నాడు మేస్త్రి.

ఇంకోసారి అరిచాను.